అరగదీసిన అతుకు

మేస్త్రి గరుకు కాగితాన్ని ఎడమచేతి వేళ్ళకు చుట్టి, కారు ముందుచక్రం దగ్గర ఫ్రేము గొట్టం అతుకు మీది ఆకుపచ్చ రంగును గీకుతున్నాడు. రంగు పోయి ఇనుము తెల్లగా బయటపడ్డాక, కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో ఆ చోటు తడిపాడు. కాసేపాగి పొడిగుడ్డతో తుడిచాడు. డబ్బాలోంచి చిటికెడు సుద్దపొడి తీసి చల్లి, ఉఫ్‌మని ఊదాడు. పగులనేది ఉంటే, అందులో దాక్కున్న కిరసనాయిలు సుద్దలోకి ఊరి గీతలా కనిపిస్తుంది. లేకపోతే సుద్ద సుద్దలాగే ఉంటుంది.

"ఉందా?" అంది లెక్కల మేడం. ఆవిడ ముక్కాలిపీట మీద కూర్చుని, రెండు మోచేతులూ మోకాళ్ళ మీద ఆనించి, పరీక్ష పేపరు చూస్తున్నట్టు చూస్తోంది.

"చూద్దాం మేడం. తొందరేముంది."

తొందర అతని గుండెకే ఉంది. ఆ అతుకును గీకకముందే అక్కడేం కనబడుతుందో అతనికి తెలుసు.

ఆ కారు ఆవిడ ఆరేళ్ళ కష్టం. అరవై ఏళ్ళ కిందట పందేల్లో పరిగెత్తిన కార్ల తీరులో కట్టింది. పైకప్పు లేదు, తలుపులు లేవు, రెండే సీట్లు. సన్నటి గొట్టాలతో పంజరంలాంటి ఫ్రేము, దాని మీద అల్యూమినియం రేకు. ఇలాంటివి ఇప్పుడు ఎవరూ తయారు చేయరు. ఆ పిచ్చి ఉన్నవాళ్ళు ఇంట్లోనే ఒక్కో ముక్కా కూర్చుకుంటారు. ఆదివారాలు ఊరవతల, విమానాలు దిగడం మానేసిన పాత మైదానంలో తోలుకుంటారు. కప్పులూ లేవు, దండలూ లేవు. గెలిచినవాడు ఓడినవాడికి టీ ఇప్పిస్తాడు, అంతే. మేడం బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది. స్టీరింగు పళ్ళచక్రాల దగ్గర్నుంచి అన్నీ తనే చేసుకుంది. ఫ్రేము గొట్టాలను కరిగించి కలిపిన అతుకులూ, రేకు వంపులూ మాత్రం మేస్త్రివి.

పోయిన ఆదివారం మైదానంలో నూట ఇరవై మీద బ్రేకు వేస్తే, టక్కుమని చప్పుడయ్యి కారు ఎడమకి లాగింది. ఆవిడ మళ్ళీ తోలలేదు. లారీ మీద ఎక్కించి తెచ్చింది.

సుద్ద మీద నల్లటి గీత తేలింది. వెంట్రుకంత సన్నం, రెండు వేళ్ళ పొడుగు. సరిగ్గా అతుకు అంచునే.

లైటు పట్టుకున్న చెయ్యి దాని మీదకి జరిగింది. ఆ చెయ్యి బావమరిదిది. మేస్త్రి భార్యకు తమ్ముడు. పదకొండేళ్ళుగా ఈ షెడ్డులోనే పని. ముప్పై అయిదు దాటాడు.

అప్పుడే బేకరీ ఆయన లోపలికొచ్చాడు. అతను కూడా ఆదివారాల జట్టులోనివాడే. వచ్చే నెల మొదలుపెట్టబోయే అతని కారుకి ఫ్రేము బావమరిది ఒక్కడే కట్టాలని మాట. మేస్త్రి చెయ్యి పెట్టకుండా, బావమరిది పేరు మీద బయటికెళ్ళే మొదటి ఫ్రేము అది. బావమరిది రెండు నెలల నుంచి ఆ కొలతలే కలవరిస్తున్నాడు.

బేకరీ ఆయన వంగి చూశాడు. మేస్త్రి అతుకులు ఎక్కడున్నా గుర్తుపట్టొచ్చు. చేపపొలుసుల్లా ఒకదాని మీద ఒకటి ఒరిగి, కొంచెం ఉబ్బెత్తుగా ఉంటాయి. ఈ ఒక్క అతుకు మాత్రం వెన్న రాసినట్టు నున్నగా ఉంది.

"ఇది అరగదీసిన అతుకు కదూ!" అన్నాడు బేకరీ ఆయన. వెంటనే తల తిప్పి బావమరిదిని చూశాడు. "ఏమయ్యోయ్, పాత రోగం మళ్ళీ తిరగబెట్టిందా?"

మేడం కూడా అటే చూసింది. బావమరిది మాత్రం బావ వైపు చూశాడు.

మేస్త్రి గీతను చూస్తూ ఉండిపోయాడు. నోరు తెరవడానికి అదే సమయమని అతనికి తెలుసు. రెండు మాటలు చాలు. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా, గుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాడు. తుడిచిన వేలే మళ్ళీ తుడిచాడు.

"నున్నగా ఉంటే జారిపోతుందని ఇప్పుడు తెలిసింది కదండీ," అన్నాడు బావమరిది నవ్వుతూ. ఆ నవ్వు కళ్ళ దాకా రాలేదు.

"నవ్వులాట కాదు. ఆవిడ ప్రాణం పోయేది," అన్నాడు బేకరీ ఆయన. "నా ఫ్రేము సంగతి... మళ్ళీ చూద్దాంలే."

*

మేస్త్రి ఎవరి దగ్గరా పాఠంలా నేర్చుకోలేదు. బస్సు బాడీలు కట్టే కార్ఖానాలో రేకులు మోస్తూ, పనివాళ్ళ చేతుల వంక చూసి నేర్చుకున్నాడు. ఒకరోజు పళ్ళ డాక్టరు ఒకాయన పాత పత్రికలోంచి చింపిన కారు బొమ్మ పట్టుకొచ్చి, "ఇలాంటి బానెట్ కొట్టగలవా?" అన్నాడు. ఇసుక సంచీ మీద రేకు పరిచి, కొయ్యసుత్తితో పందొమ్మిది రోజులు కొట్టాడు. డాక్టరు దాన్ని రెండు చేతులతో నిమిరి నిమిరి చూశాడు. తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఇప్పటికి ఏడు ఫ్రేములు షెడ్డు దాటాయి.

మేస్త్రి మాట తక్కువ మనిషి. అన్ని విషయాల్లోనూ సర్దుకునేవాడు గానీ, ఒక్క విషయంలో మాత్రం రాక్షసుడు. అతుకు మీద ఇనుమును అరగదీసే ఆకురాయి పెట్టకూడదు. గొట్టం గోడ గోరంత మందం కూడా ఉండదు. ఉబ్బు తీయబోయిన ఆకురాయి ఉబ్బు దగ్గరే ఆగదు, పక్కనున్న గొట్టాన్నీ కాస్త కొరుక్కుతింటుంది. పైకి అందం, లోపల పలచన. కారు అదిరిన ప్రతిసారీ ఆ పలచని చోటే వంగి వంగి, చివరికి అక్కడే తెగుతుంది.

మూడేళ్ళ కిందట బావమరిది ఈ తప్పే చేశాడు. కొత్త మోజులో రెండు అతుకులు నున్నగా తోమాడు. మేస్త్రి అది జట్టు మొత్తం ఉండగా చూశాడు. ఆ ముక్కను రంపంతో కోసి తుక్కులోకి విసిరేశాడు. "అందం కావాలంటే పౌడరు కొట్లో పని చూసుకోరా. ఇక్కడ మనుషులు కూర్చుని తోలుకునే బళ్ళు చేస్తాం," అన్నాడు. పన్నెండు మంది విన్నారు. బావమరిది ఆ రోజంతా తలెత్తలేదు. అప్పట్నుంచి జట్టులో ఎవరికి సరదా పుట్టినా, "ఏమోయ్, పౌడరు కొట్టు ఎలా సాగుతోంది?" అని అడుగుతూనే ఉన్నారు.

మరి ఈ అతుకును అరగదీసింది ఎవరు? మేస్త్రే.

ఎనిమిది నెలల కిందట, దూరం నుంచి ఒక పెద్దమనిషి కార్లు చూడ్డానికి వచ్చాడు. మేడం ఫ్రేము అప్పుడు బల్ల మీద ఉంది. ఆయన కెమెరా కళ్ళకు పెట్టుకుని, "పని గట్టిగానే ఉంది మేస్త్రీ. కానీ అతుకులు గొంగళిపురుగులు పాకినట్టున్నాయి. అవతలి వీధి షెడ్డులో చూడాలి, గొట్టం గొట్టంలోంచి మొలిచినట్టు ఉంటాయి. రేపొచ్చి ఫొటో తీసుకుంటా," అని వెళ్ళాడు. మేస్త్రి నవ్వి ఊరుకున్నాడు. కానీ ఆ గొంగళిపురుగు చెవిలో దూరింది. మధ్యాహ్నం భోజనానికి అందరూ వెళ్ళాక, బానెట్ ఎత్తగానే కనబడే అతుకు ఏదో చూసుకుని, దాని మీద ఆకురాయి పెట్టాడు. పది నిమిషాల పని. పైన అడుగుపూతగా వేసే అస్తరు రంగు ఒక పూత.

మర్నాడు ఆ పెద్దమనిషి అతుకు మీద బొటనవేలు రాసి, "ఇదీ పనంటే!" అన్నాడు. ఆ మాట మేస్త్రికి ఎంత తియ్యగా తగిలిందంటే, ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

*

ఇంట్లో అతని భార్య కుట్టుమిషను మీద మేడం కారు సీటు తోలు కుడుతోంది. మేస్త్రి కంచం ముందు కూర్చున్నాడు గానీ, చెయ్యి పెట్టలేదు.

"మా తమ్ముడు భోజనానికి రాలేదేం?" అంది ఆవిడ, మిషను ఆపకుండానే.

"బేకరీ ఆయన ఏదో అన్నాడు."

"మీరేమన్నారు?"

"నేనేమీ అనలేదు."

మిషను ఆగింది. "అదే అడుగుతున్నా. ఏమీ ఎందుకనలేదు?"

మేస్త్రి నీళ్ళు తాగాడు. గ్లాసు కిందపెట్టి, మళ్ళీ తీసి, ఖాళీ గ్లాసే ఎత్తాడు.

"ఆ రోజు భోజనం పట్టుకుని నేను షెడ్డులోకొచ్చా," అంది ఆవిడ. "నన్ను చూడగానే ఆకురాయి వీపు వెనక్కి దాచుకున్నారు. పంచదార డబ్బాలో చెయ్యి పెట్టిన పిల్లాడు కూడా అంతకంటే బాగా దాస్తాడు. ఇన్నేళ్ళ కాపురంలో మీరు నా దగ్గర దాచింది అదొక్కటే. అదీ చేతకాలేదు."

అతనికి తల కొట్టేసినట్టయింది. "నీకేం తెలుస్తుందిలే అనుకున్నా, ఆకురాయి సంగతి."

"మూడేళ్ళుగా మా తమ్ముడు పడుతున్న మాటలు ఆ ఆకురాయి సంగతే కదండీ. నాకు తెలియకుండా ఎలా ఉంటుంది?" కత్తెర తీసి దారం తెంపింది. "ఆ రోజు సాయంత్రం షెడ్డు ఊడ్చింది కూడా వాడే. బల్ల కింద ఇనప రజను ఎవరిదో వాడికి తెలియదనుకున్నారా?"

మేస్త్రి లేచాడు. అన్నం అలాగే ఉంది.

దారిలో నడుస్తుంటే బావమరిది మౌనం కొంచెం కొంచెంగా అర్థమైంది. బావను ఆటపట్టించడం బావమరిదికి పుట్టుకతో వచ్చిన హక్కు. చెప్పు కుదరకపోయినా, చొక్కా గుండీ తప్పినా, వాడు వదిలిపెట్టింది లేదు. ఇంత పెద్ద తప్పు చేతికి దొరికినా, ఎనిమిది నెలలు ఒక్క ఎత్తిపొడుపు మాట కూడా లేదు. అంటే వాడు దాన్ని సరదా లెక్కలో వేయలేదు.

బావమరిది షెడ్డులోనే ఉన్నాడు. పగిలిన గొట్టం దగ్గరి చక్రాన్ని విప్పి, బోల్టులు వరసగా గుడ్డ మీద పేరుస్తున్నాడు.

"నీకు తెలుసట," అన్నాడు మేస్త్రి.

"తెలుసు."

"ఎందుకు అనలేదురా మరి? పొద్దున్న వాళ్ళ ముందే అనేయొచ్చుగా."

బావమరిది స్పానరు కింద పెట్టాడు. "నువ్వంటావేమోనని చూశా బావా. లైటు దాని మీదకి పట్టుకుని, నీ మొహంలోకే చూశా. నువ్వా గీత వంకే చూశావు. అదేదో మీ తాతల నాటి ఆస్తి పత్రమైనట్టు."

"తప్పే."

"నీ తప్పు సరే. నా సంగతి?" వాడి గొంతు ఇప్పుడు గట్టిపడింది. "ఆవిడ ఆ బండెక్కి నూట ఇరవై మీద వెళ్తుంటే, నేను గట్టున నిలబడి చప్పట్లు కొట్టా. అతుకు సంగతి తెలిసీ. ఎందుకో తెలుసా? ఏమీ కాదులే, మా బావ చేసింది కదా అని. నువ్వు అరగదీసినా సరే, ఆ అతుకు నిలబడుతుందనుకున్నా. అంత గుడ్డి నమ్మకం. నీ సిగ్గు నువ్వు పడు. నా సిగ్గుతో నేను చస్తున్నా."

మేస్త్రి కింద పెట్టిన స్పానరు తీసి బోల్టుల పక్కన వరసలో పెట్టాడు.

"నేను మాత్రం చెప్పను," అన్నాడు బావమరిది. "రేపు అందరూ వస్తారు. నువ్వూ చెప్పకపోతే, ఎల్లుండి నుంచి నేను రాను. అక్కకి నువ్వే చెప్పుకో."

*

ఆదివారం పొద్దున్న జట్టంతా షెడ్డుకే వచ్చింది. పగులు చూడాలని అందరికీ ఆత్రం. మేడం అదే ముక్కాలిపీట మీద కూర్చుంది. బేకరీ ఆయన రొట్టెల సంచీ బల్ల మీద పెట్టాడు.

మేస్త్రి ముందు రాత్రి మాటలు కూర్చుకున్నాడు. తీరా నిలబడితే ఒక్కటీ మిగల్లేదు.

"ఆ అతుకు అరగదీసింది వాడు కాదు. నేను."

పళ్ళ డాక్టరు నవ్వాడు. "బావమరిది మీద ఎంత ప్రేమయ్యా! ఇంట్లో గట్టిగానే అక్షింతలు పడినట్టున్నాయి."

"నిజం డాక్టరుగారూ."

"నువ్వా? ఆకురాయా? ఎవరైనా వింటే నవ్వుతారు." బేకరీ ఆయన వచ్చి భుజం తట్టాడు. "పెద్ద మనసు మేస్త్రీ నీది. అయినవాడి తప్పు నెత్తిన వేసుకుంటున్నావు. ఈ రోజుల్లో ఎవరు చేస్తారిలా!"

అందరూ అతని వంక గౌరవంగా చూశారు. ఆ చూపులు మేస్త్రికి ఒంటి మీద నిప్పు కణికల్లా తగిలాయి. తప్పు ఒప్పుకుంటే తిడతారనుకున్నాడు. తిట్లకి సిద్ధపడే వచ్చాడు. పొగుడుతారని కలలో కూడా అనుకోలేదు. మెదలకుండా ఉంటే అయిపోతుంది. పరువూ నిలుస్తుంది, చెప్పినట్టూ ఉంటుంది. ఆ ఆలోచన మనసులోకి వచ్చిందన్న సంగతే అతన్ని అన్నిటికంటే ఎక్కువ సిగ్గుపరిచింది.

మూల నుంచి ఒక గొట్టం ముక్క తెచ్చి బల్లకున్న ఇనప పట్టుడులో బిగించాడు. ఆకురాయి ఎడమచేత్తో పట్టుకుని పది సార్లు తోశాడు. తర్వాత దాన్ని బావమరిది చేతికిచ్చాడు. "నువ్వూ తోయి, పక్కనే."

వాడు కుడిచేత్తో తోశాడు.

"ఇప్పుడు చూడండి మేడం. గీతలు ఎటు వాలాయో చూడండి. తర్వాత ఆ అతుకు దగ్గరికొచ్చి చూడండి. నేను అస్తరు కింద నున్నటి కాగితం కూడా పట్టలేదు. తొందరలో ఉన్నా."

మేడం కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి దించుకుంది. గొట్టం ముక్కను చూసింది. ఫ్రేము పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, గీకని చోట మిగిలిన అస్తరు రంగును గోటితో లేపి చూసింది. చాలాసేపు చూసింది.

"ఎడమచేతి గీతలే," అంది.

బేకరీ ఆయన చెయ్యి మేస్త్రి భుజం మీంచి జారింది.

"ఎందుకు చేశావు?" అంది మేడం.

"ఒకాయన బాలేదన్నాడు మేడం. మర్నాడు ఫొటో తీస్తానన్నాడు."

ఇంతకంటే మంచి కారణం దొరుకుతుందేమోనని రాత్రంతా వెతికాడు. దొరకలేదు.

"మరి నిన్న ఇక్కడే ఉన్నావు కదా. ఇతన్నంటుంటే విన్నావు కదా."

"విన్నాను."

ఆవిడ లేచి, మోకాళ్ళు దులుపుకుంది. కోపం తెచ్చుకోలేదు. బడిలో తప్పు లెక్క ముందు నిలబడ్డట్టే నిలబడింది. "ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి?"

"ఇదొక్కటే మేడం."

"నిన్నటి దాకా ఇది కూడా లేదనే అనుకున్నాం." ఆవిడ వేలు ఫ్రేము చుట్టూ తిరిగింది. "మొత్తం రంగు తీసేయ్. ప్రతి అతుకూ సుద్ద వేసి నాకు చూపించు."

"ఏడు ఫ్రేములకీ చూపిస్తాను," అన్నాడు మేస్త్రి.

పళ్ళ డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "నేను కూడా ఒకసారి పక్క పన్ను పీకేశానయ్యా," అన్నాడు, ఎవరి వంకా చూడకుండా. ఎవరూ నవ్వలేదు.

*

ఆ తర్వాత వారం రోజులు మేస్త్రి కిరసనాయిలు సీసా, సుద్దడబ్బా సంచీలో వేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. గుమ్మం దగ్గర నిలబడి ప్రతిచోటా అదే మాట మొదట్నుంచి చెప్పాలి. జట్టులో విన్నవాళ్ళకి సరే, ఆ రోజు రానివాళ్ళకి కూడా. ఒకరు కుర్చీ వేశారు. ఒకరు వెయ్యలేదు. ఒకాయన మాత్రం, "మరి అప్పుడు పౌడరు కొట్టు ఎవరిదయ్యా?" అని అడిగాడు. "నాదేనండి," అన్నాడు మేస్త్రి, చొక్కా చేతులు మడుచుకుంటూ. ఆరు కార్లలోనూ సుద్ద తెల్లగానే ఉంది. కానీ ప్రతిసారీ సుద్ద ఊదేముందు అతని ఊపిరి ఆగేది. తన చేతిపని ముందు ఊపిరి బిగబట్టడం అతనికి అదే మొదలు.

మేడం ఫ్రేములో తొంభై రెండు అతుకులు. ఒక్కొక్కటీ ఆవిడ పక్కనుండి చూసింది. చెడ్డది ఆ ఒక్కటే.

"దీన్ని ఎవరు అతుకుతారు?" అంది చివర్న.

"వాడు," అన్నాడు మేస్త్రి. "మీకు ఇష్టమైతే."

ఆవిడ బావమరిది వైపు తిరిగింది. "నీకు ఇష్టమేనా?"

"నాకూ అందులో వాటా ఉంది మేడం," అన్నాడు వాడు. తనకు ముందే తెలుసన్న సంగతి, చప్పట్ల సంగతి, ఏదీ దాచకుండా చెప్పాడు. ఆవిడ విన్నది. మరేమీ అనకుండా చేతి తొడుగులు వాడికందించింది.

పలచబడ్డ జానెడు గొట్టం కోసి తీసేశారు. లోపల సరిగ్గా పట్టే ఇంకో చిన్న గొట్టం దూర్చి, పైన కొత్త ముక్క కూర్చారు. బావమరిది గ్యాసు మంట వెలిగించాడు. ఈసారి లైటు మేస్త్రి పట్టుకున్నాడు. వాడు అతుకులో కరిగి నిండే కడ్డీని కాస్త ముందుగా ముంచుతున్నాడు. మేస్త్రి నాలుక చివరి దాకా మాట వచ్చింది, మింగేశాడు. తర్వాత కరిగిన ఇనుము ఒదిగిన తీరు చూస్తే, వాడిదే సరైన పద్ధతని తెలిసింది. ఎప్పట్నుంచి అలా చేస్తున్నాడో అతను గమనించలేదు.

శనివారం బేకరీ ఆయన కాగితం చుట్ట పట్టుకుని వచ్చాడు. అలవాటు కొద్దీ మేస్త్రి ముందు చాపాడు. మేస్త్రి చేతులు వెనక్కి తీసుకుని, బావమరిది బల్ల వైపు తల ఊపాడు.

"కొలతల్లో వెనక భాగం కాస్త పొట్టిగా గీశానేమో," అన్నాడు బేకరీ ఆయన, బావమరిది దగ్గరికి వెళ్ళి. నేరుగా క్షమించమని అడగడం అతనికి రాలేదు. "నువ్వు చూసి చెప్తే..."

"పొట్టి కాదండీ, ఏకంగా మరుగుజ్జు," అన్నాడు బావమరిది కాగితం విప్పుతూ. "కాళ్ళు చాపుకుని తోలతారా, ముడుచుకుని తోలతారా?"

ఆదివారం మేడం వచ్చింది. కారు నేల మీద చక్రాల మీద నిలబడి ఉంది. కొత్త సీటు బిగించారు. ఆవిడ బానెట్ ఎత్తి, కొత్త అతుకు మీద బొటనవేలి గోరు నడిపించింది. గోరు పొలుసు పొలుసుకీ ఆగుతూ నడిచింది.

"దీని మీద రంగు వెయ్యలేదేం?"

"మీరు చూశాక వేద్దామని," అన్నాడు బావమరిది.

"వద్దు. వార్నిషు చాలు. కనబడనీ."

వాడు కుంచెతో ఒక పూత వేశాడు. ఆరేదాకా ఆవిడ పీట మీద కూర్చుంది. మేస్త్రి తాళం తెచ్చి రెండు చేతులతో ఇచ్చాడు. ఆవిడ తీసుకుంది. ఎప్పుడూ అనే "బాగుంది మేస్త్రీ" అన్న మాట ఆ రోజు అనలేదు. అతను ఎదురు చూడలేదు కూడా.

ఇంజను ఒక్క తిప్పుకి అందుకుంది. వీధి మొదట్లో ఆవిడ కావాలనే గట్టిగా బ్రేకు తొక్కింది. కారు ఎటూ లాగకుండా నిలబడింది. ఆవిడ చెయ్యి పైకెత్తి, గేరు మార్చి, మలుపు తిరిగి వెళ్ళిపోయింది.